చిల్లు పూడిన దొరగారె

మొన్న ఆదివారం మా మనవరాలు ప్రొద్దుటూరు బజారు నుంచి ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందర పెట్టింది. గులాబీ రంగు పెట్టె, దానికొక రిబ్బను. మూత తీస్తే లోపల కాగితపు గూళ్లలో గుండ్రటి వస్తువులు, ఒక్కొక్కటి ఒక్కొక్క జమీందారిణి మాదిరి బొద్దుగా కూర్చొని ఉన్నాయి. నడుమ చిల్లు.

"తాతా, ఇది డోనట్. నీకు కొత్తలే. రోంచెం రోంచెం తిను" అనింది.

నాకు కొత్తంట! ఆ పిల్లే కాదు, ఆ పిల్ల తల్లి కూడా పుట్టక ముందు, మన రాజధాని కర్నూలులో ఉన్న కాలంలో, జమ్మలమడుగులో మట్టిపొయ్యి ముందర గొంతుక్కూర్చొని, మజ్జిగతో కలిపి కాల్చిన ఈ చిల్లు వస్తువును కడుపు పట్టినన్ని తిన్నవాణ్ణి నేను. డోనట్ అనే పేరు మాకు తెలియదు, అంతే. మేము దాన్ని దొరగారె అన్నాము. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగస్తులు మా మాట మొరటని నవ్వుతారు గానీ, వస్తువుకు పేరు పెట్టడంలో మమ్మల్ని మించినవాళ్లు లేరు. చూస్తే గారె మాదిరి ఉంది. తిన్నది దొర. దొరగారె. ఇంకేం కావాలి?

పెట్టె మూత మూసి, "కూర్చో, చెప్తా" అన్నాను. కూర్చొనేలోపల దాని ఫోను మోగింది. వరండాలోకి పోయింది. అందుకని మీకు చెప్తున్నాను.

దొరగారెలు చేసిన మనిషి పేరు రాయను. రాస్తే ఆయన తాలూకు వాళ్లు ఎవరో ఒకరు దిగబడి, మా పెద్దాయన అట్లాంటివాడు కాదని పోట్లాడతారు. ఆయన అట్లాంటివాడే. ఊరందరికీ మామ, నాకూ మామే. తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఆయన ఇంటి ముందు గది నేను బాడుగకు తీసుకొని సైకిలంగడి పెట్టుకున్నాను. నేను అయిదో తరగతితో బడి మానినవాణ్ణి. మిగిలిన చదువంతా పొట్లాలు విప్పి, ఆ కాగితాలు చదివి నేర్చుకున్నాను. మామ ఇంట్లో మైదా, చక్కెర, జాజికాయ పొట్లాలు ఎక్కువ కాబట్టి నా చదువులో సగం ఆయన చలవే.

మామ సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉండేవాడు. వేళ్లకు ఎప్పుడూ నీలం సిరా. ఆఫీసుకు ఉత్త చొక్కాతో పోయే మనిషి, ఆదివారం పొయ్యి ముందరికి మాత్రం నల్లకోటు తొడుక్కొని వచ్చేవాడు. మే నెల జమ్మలమడుగులో, ఉడుకుతున్న శెనక్కాయ నూనె ముందర, మెడదాకా బొత్తాలు పెట్టుకున్న కోటు!

"ఏంది మామా ఇది, చస్తావు" అంటే, "నూనె ముందర మర్యాదగా ఉండాలప్పా. అది చూస్తాంటుంది" అనేవాడు.

ఆయనకు ఈ పిచ్చి ఎట్లా పట్టిందంటే, తెల్లవాళ్లు ఇంకా ఉన్న రోజుల్లో ఎవరో దొర పెన్నేరు కొలవడానికి వచ్చి ముసాఫరు బంగళాలో దిగినాడట. మామ అప్పటికి పడుచువాడు. కాగితాలు తీసుకొని పోతే, దొర వంటవాడు జాలిపడి ఒక గారె చేతిలో పెట్టినాడట. ఒకటే. రెండోది అడుగుదామా వద్దా అని మామ మొగమాట పడుతుండగా దొర వచ్చి మిగిలినవన్నీ తినేసినాడట. తెల్లదొరతనం మీద మామకు ఉన్న ఫిర్యాదు అదొక్కటే.

"ఇందులో ఏమేం ఏసినావు అని అడిగినా ఆ వంటాయన్ని" అని చెప్పేవాడు. "నా నుదుటి మీద బొట్టుకల్లా రోంతసేపు చూసినాడప్పా. చూసి చూసి, మైదా, మజ్జిగ, వెన్న, చక్కెర, సోడా ఉప్పు, జాజికాయ అన్న్యాడు. అంతేనా అన్న్యా. అంతే సామీ అన్న్యాడు. మంచోడు."

ఆ ఒక్క గారె రుచి నాలుక మీద పెట్టుకొని ఆయన దాన్ని మళ్లీ పట్టుకోవాలని బయలుదేరినాడు. నేను ఆయన్ని ఎరిగేనాటికి నలభయ్యికి దగ్గర పడినాడు. ఇంకా పట్టుకోలేదు.

ఆదివారం పొద్దున్నే పని మొదలు. మజ్జిగ ముందురోజే తోడుపెట్టి చిలికినది, పుల్లగా ఉండాలి. తియ్యటి మజ్జిగతో చేస్తే సోడా ఉప్పు నిద్రపోతుందని ఆయన నమ్మకం. మైదాలో వెన్న రుద్ది, మజ్జిగ పోసి, చేత్తో కలిపీ కలపనట్టు కలిపేవాడు. నేను చెయ్యి పెట్టి గట్టిగా పిసకబోతే మణికట్టు మీద కొట్టేవాడు. "సైకిలు ట్యూబనుకున్నావా? పిండికి కోపం తెప్పియ్యొద్దు." తడిగుడ్డ కప్పి కొంచెంసేపు పడుకోబెట్టి, తర్వాత మందంగా ఒత్తి, పౌడరు డబ్బా మూతతో బిళ్లలు కోసి, సిరాబుడ్డి మూతతో నడుమ చిల్లు పెట్టేవాడు. సిరాబుడ్డి మూత అంటే అరిచి గీపెట్టొద్దు. చింతపండేసి తోమిందే.

నూనెలో వేసినాక అసలు సంగతి. గారె మునిగి, తేలి, తిరగబడినాక పైన చుట్టూ పగలాలి. నున్నగా వస్తే ఆయన మొహం మాడిపోయేది.

"పగలాలప్పా. ఎండాకాలం పెన్నలో బంకమట్టి చూసినావా, ఎట్ల నెర్రెలిస్తుందో? అట్ల ఇయ్యాల."

పగిలిన గారెను యాలకుల చక్కెరలో దొర్లించి, అరిచేతిలో పెట్టుకొని, కండ్లు మూసుకొని కొరికేవాడు. నేను ఆయన మొహంకల్లా చూసేవాణ్ణి. నమిలి, మింగి, కండ్లు తెరిచి, ప్రతి ఆదివారం ఒకటే మాట.

"దగ్గరికొచ్చింది. గానీ, అది కాదు."

నాకు ఒళ్లు మండేది. అమృతం మాదిరి ఉంటే అది కాదేంది? ఆయన నా మాట వినేవాడు కాదు. తప్పు మజ్జిగలో ఉందని ఒకసారి నన్ను సైకిలు మీద రాజుపాలెం తోలినాడు, అక్కడెవరో రెడ్డిగారింట్లో తెల్లావు ఉందని. ఇంకోసారి తప్పు జాజికాయదన్నాడు. మైదుకూరు సంత నుంచి కొత్తది తెప్పించినాడు. మైదా పాతదని ప్రొద్దుటూరులో బిస్కెట్ల సాయిబుతో కొట్లాడినాడు. సాయిబు ఓర్పుగా, "గుమాస్తా సాబ్, పిండి నాది, నాలుక మీది. తప్పు ఎవురిదో అల్లాకు తెల్సు" అన్నాడు.

ఇంతలో ఆయన పెండ్లీడు దాటిపోయింది. గరిటె పట్టే మొగవానికి పిల్లనెవరిస్తారని ఊరంతా అనేది. వచ్చిన సంబంధాలన్నీ ఆ కోటు కథ విని వెనక్కి పోయినాయి. మామ పైకి నవ్వేవాడు గానీ, ఆదివారం అందరికీ పంచగా మిగిలిన గారెలను పళ్లెంలో పెట్టుకొని, ఎదురుగా ఇంకో పీట వేసుకొని, ఆ ఖాళీ పీటకల్లా చూస్తూ తినేవాడు. నేను పోయి ఆ పీట మీద కూర్చుంటే, "నీకోసం గాదులేప్పా ఏసింది. సరే, కూర్చో" అనేవాడు.

వేంపల్లెలో ఆయన అక్క ఉండేది. ఆమె పట్టువదలక పులివెందులలో ఒక సంబంధం పట్టింది.

"బడిపంతులమ్మరా. ట్రైనింగు దొరసానుల హాస్టల్లో ఉండి చదివింది. తండ్రి లేడు, పెదనాయన పెంచినాడు. వయసు ముప్పై దాటింది, నోరు రోంచెం జాస్తి. అందుకే ఆగింది. నీకింగ ఇంతకన్నా ఎవురూ దొరకరు, ఇదీ పోయిందంటే, ఇంగ నీకు ఆ పొయ్యే పెండ్లాము" అని తేల్చి చెప్పింది.

పిల్ల ఫోటో వచ్చింది. మామ దాన్ని నాకు చూపించలేదు. కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఆ వారంలో నాలుగుసార్లు కోటు తొడుక్కున్నాడు, పొయ్యి వెలిగించకుండానే.

పిల్లను ఇచ్చేముందు వాళ్ల తరఫు పెద్ద వచ్చి పెండ్లికొడుకు ఇల్లు చూసిపోవడం మా పక్క ఆచారం. వచ్చేది ఆ పెదనాయనే. ఆయనొక పల్లెకు కరణం. పెద్ద తలగుడ్డ, తెల్లమీసాలు. ఒక పొలంగట్టు కోసం రెండు తరాలుగా కడప కోర్టుకు తిరుగుతున్న వంశం. మాట్లాడితే సాక్ష్యం, దస్తావేజు, వాయిదా తప్ప ఇంకో మాట రాదు. ఆయన ఊ అంటే పెండ్లి, ఉహూ అంటే మామకు జన్మంతా ఆ ఖాళీ పీటే.

ముందురోజే అక్క వేంపల్లె నుంచి వచ్చి ఇల్లంతా కడిగి, సున్నం కొట్టించింది. పొద్దున మామ కోటు తొడుక్కొని, పిండి ఒత్తి, గూటిలోకి చెయ్యి పెట్టినాడు. తడిమినాడు. మళ్లీ తడిమినాడు.

"అక్కా, ఈడ మూత ఉండాల."

"ఏం మూత?"

"సిరాబుడ్డి మూత."

"వంటింట్లో సిరాబుడ్డి మూతేందిరా అసింకంగా? పారేసినా."

మామ పొయ్యి పక్కన కూలబడినాడు. "అక్కా, నువ్వు పారేసింది మూత గాదు, నా పెండ్లి."

నేను అంగట్లో నుంచి పెద్ద నట్టు ఒకటి తెస్తానన్నాను. గ్రీజు వాసనని ఒప్పుకోలేదు. వేలితో పొడవమంది అక్క. అది మినప గారెకు పనికొస్తుంది గానీ దొరగారెకు అవమానమన్నాడు. చివరికి జేబులో నుంచి ఇంకుపెన్ను తీసి, దాని టోపీ కడిగి, దాంతో చిల్లులు పెట్టినాడు. పెన్ను టోపీ ఎంతుంటుంది? చిల్లులు పెసరగింజ పట్టేంత వచ్చినాయి.

అప్పుడే వాకిట్లో జట్కా ఆగింది. అక్క కరణాన్ని మర్యాదగా కూర్చోబెట్టి, "మా తమ్ముడు టిపినీ చేస్తాండాడు" అని గర్వంగా చెప్పింది. ఆయన మీసం ఒకటి లేచింది.

లోపల నూనెలో గారెలు పొంగుతున్నాయి. పొంగే కొద్దీ ఆ చిన్న చిల్లులు, నిద్రొచ్చిన పిల్లల కండ్ల మాదిరి, ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. చిల్లు మిగిలినవి రెండో మూడో. అవి తీసి పైన పెట్టి ఉంటే ఈ కథే లేదు. కానీ ఆ పొద్దు చిల్లు పూడిన ఒక గారె పగిలింది చూడండి, ఆయన జన్మలో అట్లా పగల్లేదు. ఈ చివర నుంచి ఆ చివరికి నెర్రెలు, ఆ నెర్రెల్లో చిన్న నెర్రెలు. మామ దాన్ని జల్లిగరిటెతో పైకెత్తి నాకల్లా తిరిగినాడు.

"చూడప్పా, చూడు! పెన్న! అచ్చం పెన్న!"

ఆ ఆనందంలో చిల్లు సంగతే మరిచినాడు. దాన్నే వెండిగిన్నెలో పెట్టి, తనే తీసుకుపోయి కరణం చేతికిచ్చినాడు.

ఇక్కడ ఒక సంగతి తెలియాలి. ఆ బ్రాహ్మల ఇండ్లలో శుభకార్యానికి చేసే గారెకు చిల్లు ఉంటుంది. తద్దినం నాడు, పోయినవాళ్ల పేరు చెప్పి విస్తట్లో వేసే గారెకు చిల్లు పెట్టరు.

కరణం గారెను ఇటు తిప్పినాడు. అటు తిప్పినాడు. వెలుగుకు పట్టి చూసినాడు.

"ఏమప్పా, ఈ పొద్దు మీ ఇంట్లో ఎవురి ఆబ్దికం?"

"ఆబ్దికం ల్యా పెద్దాయనా! పగులు చూడండి, పగులు!"

"చిల్లు యాడ?"

మామ అప్పుడు చూసినాడు.

"బతికుండంగానే నాకు తద్దినం గారె పెడతాండావా?" అని కరణం పైకి లేచినాడు.

అప్పుడైనా మామ ఊరికే ఉండొచ్చు. ఉండలేదు. తొందరపడి, ఎంతో వినయంగా, "అయ్యో, ఇది తద్దినం గారె గాదు పెద్దాయనా. అదైతే నేను మినుములతో చేస్తా. శానా బాగ చేస్తా. మీకు కావాల్నంటే అదీ చేసిపెడ్తా" అన్నాడు.

అక్క నెత్తి కొట్టుకుంది. నేను వాకిట్లోకి పోయి ఒక సైకిలు చక్రం వెనక మొహం దాచుకున్నాను. లోపల కరణం కేకలకు ఎదురింటి పిట్టగోడ మీది కాకులన్నీ లేచిపోయినాయి. పోతూ పోతూ ఆయన ఆ గారెను తన తువ్వాలు కొసన మూట కట్టుకున్నాడు.

"ఇది నా సాక్ష్యం. ఇంట్లో ఆడోళ్ల ముందర పెడ్తా. రేప్పొద్దున నేను ఊరికే కాదన్న్యానని ఎవురూ అనగూడదు."

అక్క బతిమాలుకుంటూ ఆయన వెంటే బస్సెక్కింది. మామ కోటు విప్పి కొయ్యకు తగిలించినాడు. ఆ రాత్రి ఏమీ తినలేదు. తరువాతి ఆదివారం పొయ్యి రాజలేదు. నేను తెల్లవారినప్పటి నుంచి అంగట్లో కూర్చొని, ఇంట్లో నుంచి ఆ వాసన ఎప్పుడొస్తుందా అని చూసినాను. మధ్యాహ్నానికి నాకే ఏడుపొచ్చింది. పోయి కొయ్యకున్న కోటు దులిపి మళ్లీ అక్కడే తగిలించి వచ్చినాను. మామ గోడకు తిరిగి పడుకొని ఉన్నాడు.

సాయంత్రానికి అక్క వచ్చింది. పులివెందులలో జరిగింది ఆమె చెప్పగా విన్నదే.

బస్సులో కరణం మూట ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడట. జాజికాయ, యాలకుల వాసన బస్సంతా కమ్ముకుంది. ముద్దనూరు దగ్గర కండక్టరు ఉండబట్టలేక, "ఏందయ్యా ఆ మూట? ఘుమఘుమలాడ్తాండాది" అన్నాడట.

"సాక్ష్యం" అన్నాడట కరణం.

"ఇంత మంచి వాసనొచ్చే సాక్ష్యం నేనెప్పుడూ చూళ్లేదయ్యా."

ఇంటికి పోయి పీట మీద తువ్వాలు విప్పి, కోర్టులో ప్లీడరు మాదిరి మొదలుపెట్టినాడట. ఆచారం తెలియని ఇల్లని, చావుకోరే అల్లుడని, గరిటెగాడని. అప్పుడే పంతులమ్మ బడి నుంచి వచ్చింది, చేతులకు సుద్ద అట్లే ఉంది. అంతా విని, వంగి, గారెను చేతిలోకి తీసుకుంది.

"చిల్లెట్ల పూడింది?" అని అడిగింది అక్కను.

అక్క సిరాబుడ్డి మూత సంగతీ, పెన్ను టోపీ సంగతీ చెప్పింది. అన్నిట్లోకీ బాగా పగిలింది ఇదేనని ఏరి తెచ్చి ఇచ్చినాడనీ చెప్పింది.

"మంచిది పెద్దాయనకే ఇయ్యాలని ఇచ్చినాడన్నమాట" అని, పంతులమ్మ దాన్ని విరిచి సగం నోట్లో వేసుకుంది. నమిలింది. ఎక్కడో ఏదో గుర్తొచ్చినట్టు ఒకసారి కండ్లు చిన్నవి చేసింది. నవ్వుకుంది. రెండో సగం కూడా తినేసింది.

"పిల్లా! సాక్ష్యం తినేసినావే!" అని కరణం అరిచినాడట.

"తినేసినా. ఇంగ కేసు యాడుండాది పెదనాయనా?"

"అది తద్దినం గారె!"

"నేను తిన్యా గదా. చూడు, బాగనే ఉండా." చేతులు దులుపుకొని అక్కకల్లా తిరిగిందట. "సోడా రోంత ఎక్కువైంది. ఆ మనిషికి చెప్పేవాళ్లు ఎవురూ లేనట్టుంది. నేనొచ్చి చెప్తానని చెప్పండి."

అక్క ఈ మాట చెప్పగానే మామ లేచి కోటు తొడుక్కున్నాడు. మజ్జిగ లేదు, మైదా లేదు. ఉత్తగనే పొయ్యి రాజేసినాడు.

పెండ్లి పులివెందులలో జరిగింది. భోజనాల్లో గారెలు వడ్డిస్తుంటే కరణం పంక్తి వెంబడి నడుస్తూ, ఒక్కొక్క విస్తట్లోకి వంగి చిల్లులు చూసుకున్నాడు. అనుమానం వచ్చినచోట వేలు పెట్టి కూడా చూసినాడు. పంక్తిలో వాళ్లు తిట్టుకున్నారు గానీ ఆయన లెక్కచేయలేదు.

తరువాత ఆదివారాలు మామూలే, ఎదుటి పీట మాత్రం ఖాళీగా లేదు. పంతులమ్మ ఆ పీట మీద కూర్చొని బడిపిల్లల కాగితాలు దిద్దుతూ ఉండేది. మామ కోటుతో, చెమటతో, గారె కొరికి కండ్లు మూసుకొని, "దగ్గరికొచ్చింది. గానీ, అది కాదు" అనేవాడు.

"అట్లనా? సరే, మల్లా ఆదివారం చూద్దాం" అనేది ఆమె, తలెత్తకుండానే. అని, తను రెండు తినేది.

ఒకసారి మామ సైకిలుకు గాలి కొట్టించడానికి ఆమె అంగట్లోకి వచ్చింది. నేను ఆగలేక అడిగినాను. "అత్తా, ఆయన అన్నిసార్లు అది కాదు, అది కాదు అంటాడే. అసలు ఏం తక్కువైంది?"

ఆమె ఇంట్లోకల్లా ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "ఏం తక్కువైందో నాకు పులివెందులలోనే తెల్సు, మొదటి ముక్కకే. ఆ రుచి హాస్టల్లో దొరసానుల కేకులో ఉండేది."

"అయితే చెప్పకూడదా?"

"చెప్తే ఆ మనిషి పెన్నకు పోయి మునిగి, జంధ్యం మార్చుకొని వస్తాడు. మల్ల పొయ్యి దగ్గరికే పోడు. ఈ జన్మలో నేను చెప్పను, ఆయన మానడు. నువ్వు గాలి కొట్టు."

నాకు అర్థం కాలేదు. ఆ పొద్దు గాలి కొట్టినాను. ఆమెను ఇంకెప్పుడూ అడగలేదు. వాళ్లిద్దరూ పోయి చాలా ఏండ్లయింది. చివరి ఆదివారం దాకా ఆయన దగ్గరికే వచ్చినాడు.

మనవరాలు ఫోను ముగించి లోపలికి వచ్చింది. "ఏం తాతా, ఇంకా తినలే?"

పెట్టె తెరిచి ఒకటి తీసుకున్నాను. పైన పూత నున్నగా, అద్దం మాదిరి ఉంది. ఒక్క నెర్రె లేదు. కండ్లు మూసుకొని కొరికినాను. మెత్తగా ఉంది. బాగానే ఉంది. కానీ లోపల ఏదో ఒకటి, బరువుగా, నాలుకకు అడ్డం పడింది.

"ఇందులో ఏమేం ఏస్తారు పాపా?"

అది పెట్టె తిప్పి చదివింది. "మైదా, మజ్జిగ, వెన్న, చక్కెర, సోడా, జాజికాయ... గుడ్డు."

"ఏంది?"

"గుడ్డు తాతా, కోడిగుడ్డు. ల్యాకపోతే ఈ రుచి యాడొస్తుంది?"

దొర వంటవాడు ఆయన బొట్టుకల్లా ఎందుకంతసేపు చూసినాడో, దొరసానుల కేకులో ఏముండేదో, జంధ్యం ఎందుకు మార్చుకోవాలో, అన్నీ ఒక్కసారిగా నా నోట్లోకి వచ్చిపడినాయి. గుడ్డు గడప తొక్కని ఇంట్లో పుట్టి, గుడ్డు పేరెత్తితే చెవులు మూసుకొనే మనిషి, కోటు తొడుక్కొని జన్మంతా వెదికింది దాన్నా! నవ్వు ఆగలేదు. చక్కెర గొంతుకు అడ్డం పడింది. మనవరాలు భయపడి నీళ్లు తెచ్చి, వీపు నిమిరి, నేను తేరుకున్నాక అడిగింది.

"ఎట్లుంది తాతా?"

"దగ్గరికొచ్చింది. గానీ, అది కాదు."

"ఏం తక్కువైంది?"

"తక్కువేం కాలేదు. గుడ్డు ఎక్కువైంది" అన్నాను.